హెచ్చరిక వచ్చింది సరే, షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో తుపాన్ల మీద వేసిన పేజీ మొత్తం చదివాను. శాటిలైట్లు, రాడార్లు, సెల్‌ఫోన్ మెసేజీల పుణ్యాన మనిషి సముద్రాన్ని జయించేశాడన్న ధోరణిలో సాగింది ఆ వ్యాసం. అందులో సగానికి నాకేమీ అభ్యంతరం లేదు. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం. మాది నిజాంపట్నం అవతల సముద్రం ఒడ్డు పల్లె, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. జాగా చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ షెల్టర్ల గురించి రాసింది మాత్రం ఉంచండి.

1977 నవంబరు 19 గురించి మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన దివిసీమ మీద పడింది. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పది వేల మంది పోయారు, అంతకంటే చాలా ఎక్కువేనని ఇప్పటికీ అంటారు, పశువులైతే లక్షల్లో. కానీ జనం మరిచిపోయిన సంగతి ఒకటుంది. అప్పుడు కూడా తుపాను వస్తోందని తెలుసు. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం అప్పటికే ఉంది, విదేశీ శాటిలైట్ల ఫొటోలు అందుతున్నాయి, రేడియోలో చెప్పారు కూడా. సరిగ్గా వారం ముందు, నవంబరు 12న, ఇంకో తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది, అందుకని ఇదీ అటే పోతుందిలే అనుకున్నవాళ్లు కూడా ఉన్నారని పెద్దవాళ్లు చెబుతారు. రేడియో ఉన్న ఇళ్లు ఊరికి నాలుగో అయిదో. అది విన్నవాడు మాత్రం ఏం చేయాలి? పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి? చుట్టూ పూరిళ్లు, మధ్యలో ఒక గుడో, చర్చో, ఎవరో ఆసామి మేడో. తాటిచెట్లు పట్టుకుని కొందరు, ముళ్లపొదల్లో చిక్కుకుని కొందరు బతికి బయటపడ్డారు.

అంటే లోటు మూడు చోట్ల ఉంది. కబురు పుట్టింది గానీ ఊరికి చేరలేదు, చేరినచోట జనం నమ్మలేదు, నమ్మినవాడికి తలదాచుకునే చోటు లేదు. ఆ తర్వాత జరిగిన కథంతా ఈ మూడింటినీ ఎంతెంత పూడ్చారన్నదే. మొదటిదాన్ని మాత్రం నిజంగా గొప్పగా పూడ్చారు, అది ఒప్పుకోకపోతే పాపం.

1983లో ఇన్సాట్-1బి అనే మన శాటిలైటు పైకి వెళ్లింది. దాని ఆధారంగా 1980ల మధ్యలో దక్షిణ కోస్తా, ఉత్తర తమిళనాడు తీరంలోని ఆఫీసుల్లో తుపాను హెచ్చరికలు అందుకునే రిసీవర్లు పెట్టారు. ఇప్పటి పిల్లలకి అది వింతగా ఉంటుంది. హెచ్చరిక ఏ ప్రాంతానికో ఆ ప్రాంతం రిసీవరు మాత్రమే దానంతటదే ఆన్ అయ్యేది, ముందు సైరన్ మోగేది, ఆ తర్వాత మన భాషలోనే మాటలు వినిపించేవి. టెలిఫోను స్తంభాలు పడిపోయినా శాటిలైటుకి ఏమీ కాదు కదా, అందుకని ఆ ఏర్పాటు. మచిలీపట్నంలో కూడా రాడార్ వచ్చింది. 1990 మే 9న దాదాపు అదే దారిలో, అంతే భయంకరమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి ముందే లక్షన్నర మందికి పైగా ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. వెయ్యి అంటే చిన్న మాట కాదు, కానీ పది వేల పక్కన పెట్టి చూడండి. పదమూడేళ్లలో సముద్రం మారలేదు, గాలి మారలేదు, మా పల్లెల్లో పూరిళ్లు కూడా పెద్దగా మారలేదు. మారింది కబురు వచ్చే దారి, ఆ కబురు పట్టుకుని ఊరిమీదికి లారీలు, బస్సులు తెచ్చిన మనుషులు.

అయితే 1996 నవంబరు 6న కోనసీమలో ఈ లెక్క తప్పింది. తుపాను విస్తీర్ణం చిన్నది, ఒడ్డుకి దగ్గర్లోనే ఒక్కసారిగా బలపడింది, టైం ఇవ్వలేదు. మళ్లీ వెయ్యి మందికి పైగా పోయారు, అందులో వేటకెళ్లి నడిసముద్రంలో ఉన్న జాలర్లు ఎంతోమంది. ఒడ్డున ఉన్నవాడికి సైరన్ మోగుతుంది, రాత్రి వల వేసి బోటులో పడుకున్నవాడికి ఎవరు చెప్పాలి? ఇవాళ్టికీ సెల్ సిగ్నల్ ఒడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటితే ఉండదు, మా బోట్లు అంతకంటే చాలా దూరం పోతాయి. అందుకే ఈ మధ్య వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనపడేవి పడవలో పెట్టుకునే ఆ చిన్న డబ్బాలే. 2019లో జెమిని అని ఒకటి వచ్చింది, శాటిలైటు నుంచి వచ్చే హెచ్చరికని అందుకుని బ్లూటూత్ మీద ఫోనులో మన భాషలో చూపిస్తుంది. దాంట్లో ఒక లోపం ఉంది, అటునుంచి ఇటు రావడమే తప్ప మనం 'ఇంజను ఆగిపోయింది, కాపాడండి' అని తిరిగి చెప్పలేం. ఇప్పుడు రెండువైపులా పనిచేసే ట్రాన్స్‌పాండర్లు బోట్లకి బిగిస్తున్నారు. మంచిదే. బిగించినదానికి చార్జింగు ఉందో లేదో కూడా ఎవరైనా చూస్తుంటే ఇంకా మంచిది.

ఈ హెచ్చరికలు, చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సమాచారం ఇవన్నీ ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాదులో, సముద్రానికి ఎక్కడా సంబంధం లేని చోట. మా కుర్రాళ్లకి అదో పెద్ద జోకు. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చెప్పే నాథుడు లేడు, 2007 నుంచి అదే హైదరాబాదులో సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది, సుమత్రా వైపు భూమి అదిరితే నిమిషాల్లో తెలిసిపోతుంది. కాబట్టి జోకు జోకే, పని పనే.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12. మీ వ్యాసంలో దాన్ని టెక్నాలజీ విజయంగా రాశారు. రాకముందు వరకూ అది నిజమే, నాలుగు రోజుల ముందు నుంచే విశాఖ వైపు వస్తుందని చెప్పారు, లక్షల మందిని తరలించారు. కానీ తుపాను నగరం మీదికి వచ్చిన పొద్దున జరిగిందేమిటి? దాన్ని చూస్తూ ఉండాల్సిన విశాఖ డాప్లర్ రాడారే గాలికి దెబ్బతిని ఆగిపోయింది. కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి, సెల్ టవర్లు మూగబోయాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. అంత పెద్ద నగరంలో పక్కవీధిలో ఉన్న చుట్టం బతికున్నాడో లేదో తెలుసుకోవాలంటే కాళ్లీడ్చుకుంటూ నడిచి పోవాల్సి వచ్చింది. ఫోనులో ఎన్ని యాప్‌లుంటే ఏం లాభం, చార్జింగు లేకపోతే? ఆ దెబ్బకి కలిగిన బుద్ధితోనే ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కరెంటు వైర్లు భూమిలో వేయడం మొదలుపెట్టారు. తుపానుకి తట్టుకోవడం అంటే నా దృష్టిలో అదీ. కానీ అది ఫొటోకి పనికిరాదు, కేబులు గుంతలో ఉంటుంది, రిబ్బను కత్తిరించడానికి ఏమీ కనపడదు, అందుకే పేపర్లలో రాదు.

పేపర్ల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ఫిర్యాదు మీ మీద కూడా. ప్రతి తుపానుకీ మొదటి పేజీలో 'నిజాంపట్నం హార్బరులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ నంబర్లు రేవులోని ఓడలకి సంబంధించినవి. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి, ఒకటంటే తుపాను ఎక్కడో దూరంగా ఉందని, పది అంటే మహా ప్రమాదమని, పదకొండు అంటే తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఓడ కెప్టెనుకి అవి పనికొస్తాయి. నిజాంపట్నంలో ఇడ్లీ బండి నడిపే ఆవిడ మూడో నంబరు చదివి ఏం చేయాలి, ఆరో నంబరయితే ఏం చేయాలి? 'గంటకి 100 నుంచి 110 కిలోమీటర్ల వేగంతో గాలులు' అన్నది కూడా అంతే. ఆ గాలి ఎంత గట్టిదో మాకు తెలియదని కాదు. మా వైపు ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీళ్లు.

నీళ్లు ఎంత ఎత్తున వస్తాయి, ఏ ఊరి దాకా వస్తాయి అన్నదానికి కూడా ఇప్పుడు లెక్కలున్నాయి. సముద్రం లోతు, తీరం వంపు, తుపాను వచ్చే కోణం, ఆ టైంకి పోటో పాటో, ఇవన్నీ కంప్యూటర్లో వేసి ఉప్పెన ఎత్తు అంచనా కడుతున్నారు. బులెటిన్లలో అది 'సాధారణ అలల కంటే మీటరు నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున' అని వస్తుంది. సాధారణం అంటే ఎక్కడి నుంచి కొలిచి? మా ఊరి బడి మెట్ల దాకానా, కిటికీ దాకానా? నేను అడిగేది చాలా చవకైన టెక్నాలజీ. ప్రతి తీర గ్రామంలో బడి గోడ మీదో, కరెంటు స్తంభం మీదో మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్లు అని రంగుతో గీతలు గీయండి, 77లో నీళ్లు వచ్చినచోట ఒక ఎర్ర గీత గీయండి. అప్పుడు ఫోనులో వచ్చిన మెసేజీకి, కంటికి కనపడే గోడకి సంబంధం కుదురుతుంది. డబ్బా రంగు, ఒక లెవెలింగ్ మిషను, ఒక సర్వేయరు. అంతకుమించి ఖర్చు లేదు.

2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా కూతపెట్టి అదిరిపడేలా చేశాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. మామూలు ఎస్సెమ్మెస్సులా నంబరు నంబరుకీ పంపనక్కర్లేదు, ఒక టవరు కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది, నెట్‌వర్క్ రద్దీగా ఉన్నా వెళ్తుంది. తెలుగులో కూడా వచ్చింది. చక్కటి పని. ఫోను కూత పెట్టింది సరే, కూత విన్నాక మనిషి ఇల్లు వదిలి కదులుతున్నాడా అన్నదే నా ప్రశ్న.

ఎందుకు కదలరో మీ విలేకరి వస్తే మా వాళ్లే చెబుతారు. గేదెల్ని ఎవరు చూస్తారు? బోటు, వలలు, ఇంజను అన్నీ కలిపి లక్షల అప్పు, దాన్ని వదిలి ఎట్లా పోవడం? ఇల్లు ఖాళీగా ఉంటే దొంగలు పడరా? పోయినసారి ఇట్లాగే పరిగెత్తించారు, తీరా చూస్తే తుపాను ఇంకెటో పోయింది. ఆడవాళ్లు అన్నిటికంటే ముందు చెప్పేది బాత్‌రూమ్ సంగతి. మూడొందల మందిని ఒక హాల్లో పెట్టి, రెండు మరుగుదొడ్లకి ఒకటి తలుపులేనిది ఇస్తే, చంటిపిల్లతో ఉన్న కోడలు 'ఇంట్లోనే ఉంటానత్తా, మీరు వెళ్లండి' అంటుంది. ఆ అమ్మాయిని మొండిది అనకండి.

ఇప్పుడు షెల్టర్లు. 77 తర్వాత స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం కలిసి తీరం పొడుగునా కట్టించాయి. తర్వాత 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు కింద ఆంధ్రాలో, ఒడిశాలో ఇంకా కొన్ని కట్టారు. ఇదీ టెక్నాలజీయే, అందరూ మరిచిపోతారు గానీ. కింద స్తంభాలు మాత్రమే ఉంచి ఖాళీగా వదలడం ఎందుకంటే, ఉప్పెన నీళ్లు గోడని గుద్దుకోకుండా కిందనించి వెళ్లిపోవాలని. పాతవాటిలో కొన్ని గుండ్రంగా ఎందుకుంటాయంటే, గాలి ఒక చదునైన గోడ మీద మొత్తం బలం చూపకుండా పక్కలకి జారిపోతుందని. ఆ బిల్డింగులు కట్టిన ఇంజనీర్లకి దండం పెట్టాలి. కానీ ఉప్పుగాలి సంగతి వాళ్లకీ తెలుసు. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపల ఇనుప చువ్వకి తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. మధ్యమధ్య రిపేరు చేస్తే నిలబడుతుంది, చేయకపోతే తుపానులో దాక్కోవాల్సిన బిల్డింగు చూసి మామూలు రోజున పిల్లల్ని అటు పోవద్దని తిడతాం. మా చుట్టుపక్కల పాత షెల్టర్లలో కొన్నిటి పరిస్థితి అదే.

కొత్తదాని కథ ఇంకోరకం. పేర్లు రాయను, ఊరు కూడా రాయను. ఒక తుపాను రాత్రి మా వాళ్లు వానలో తడుస్తూ పిల్లల్ని, ముసలాళ్లని మోసుకుని షెల్టరు దగ్గరికి పోతే తలుపుకి తాళం. తాళం చెవి ఉన్న ఉద్యోగి ముప్పై కిలోమీటర్ల అవతల టౌన్లో ఉంటాడు, ఫోను ఎత్తుతున్నాడు పాపం, కానీ రోడ్డు మీద చెట్లు పడ్డాయి, రాలేడు. చివరికి గునపంతో తాళం పగలగొట్టారు. లోపల ఎవరో కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు సగం హాలు నిండా. జనరేటరు ఉంది, కొత్తదే, డీజిలు లేదు. ట్యాంకు ఉంది, నీళ్లు లేవు. మర్నాడు పొద్దున పులిహోర పొట్లాలు, వాటర్ ప్యాకెట్లు వచ్చాయి, ఫొటోలు తీసుకున్నారు. నెల తర్వాత మావాళ్లలో ఒకడిని పిలిచి తాళం ఎందుకు పగలగొట్టావని అడిగారు కూడా. అంతరిక్షంలో శాటిలైటు తన పని తను చేసింది, సూపర్ కంప్యూటరు తన పని చేసింది, మొత్తం ఆ ఇత్తడి తాళం దగ్గర ఆగిపోయింది.

ఒడిశా వాళ్లని చూడండి. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే కదిపారు, చనిపోయినవాళ్లు పదుల్లోనే. రాడార్లు మెరుగైన మాట నిజమే, కానీ ఆ మధ్యలో వాళ్లు షెల్టర్లు కట్టి ఊరుకోలేదు, ప్రతి షెల్టరుకీ ఊళ్లోవాళ్లతోనే కమిటీ పెట్టి, తాళం ఆ కమిటీకే ఇచ్చి, ఏటా డ్రిల్లు చేయించారు. బంగ్లాదేశ్ మనకంటే పేద దేశమని అనుకునేవాళ్లం. 1970లో అక్కడ ఒక్క తుపానుకి మూడు లక్షల మందికి పైగా పోయారు. 1972లో వాళ్లు మొదలుపెట్టిన కార్యక్రమంలో ఉన్న సరంజామా ఏమిటంటే జెండాలు, చేతిమైకులు, సైరన్లు, వాటిని పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఊరి వాలంటీర్లు. తలుపు కొట్టేది తెలిసిన ముఖం అయితే మనిషి కదులుతాడు. 2007లో సిదర్ లాంటి పెద్ద తుపానుకి కూడా చావులు వేలల్లోనే ఆగాయి, లక్షల్లోకి పోలేదు.

ఇంకో సంగతి, ఇది మనుషుల ప్రాణాల గురించి కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక ముందుగానే వచ్చింది. కానీ డిసెంబరు మొదట్లో మా డెల్టాలో వరి ఏ దశలో ఉంటుందో తెలిసిందే కదా, కొంత కోసి పనల మీద, కొంత కుప్పల్లో, కొంత కల్లాల్లో, మిగతాది నిలబడి. మూడు రోజుల్లో వస్తోందని తెలిస్తే రైతు ఏం చేయగలడు? ఊళ్లో ఉన్న రెండు కోత మిషన్ల కోసం అందరూ ఒక్కసారే పరుగు, అద్దె పెరిగిపోతుంది. బరకాలు దొరకవు. హడావిడిగా కోసి తీసుకుపోతే తేమ 17 శాతం కంటే ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. గోడౌనుకి తీసుకుపోదామంటే గోడౌను లేదు. వాతావరణం ముందే తెలిసినందుకు రైతుకి దక్కింది మూడు రోజుల టెన్షన్ అదనంగా. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నుంచి తేమ నిబంధన సడలించి, ధాన్యం ఆరబెట్టే డ్రయర్లు మండలానికి కొన్ని ఉంచి, బరకాలు ముందే పంచితే ఆ మూడు రోజులకి ఒక విలువ ఉంటుంది.

మడ అడవుల గురించి కూడా ఒక మాట. అలల ఊపుని విరగగొట్టేది అవి. మా వైపు వాటిని ఎన్నిచోట్ల కొట్టి రొయ్యల చెరువులు తవ్వారో అందరికీ తెలుసు, తవ్వినవాళ్లలో నా చుట్టాలూ ఉన్నారు, కాబట్టి ఇంతకంటే రాస్తే ఇంట్లో గొడవ.

మీ నుంచి కోరేది ఒక్కటే. మీ జిల్లా ఎడిషన్లలో ఏప్రిల్ చివర ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి, అంటే తుపాన్ల కాలం మొదలయ్యే ముందు రెండుసార్లు, తీర మండలాల్లోని షెల్టర్ల పట్టిక వేయండి. ఊరు, ఎంతమంది పడతారు, రోడ్డు బాగుందా, నీళ్లున్నాయా, ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్లున్నాయా, జనరేటరులో డీజిలు ఉందా, తాళం ఊళ్లోనే ఉందా, ఉంటే పంచాయతీలో ఎవరి బాధ్యత. మీ స్ట్రింగర్లు ప్రతి మండలంలో ఉన్నారు, బండి మీద ఒక్క రోజు తిరిగితే చాలు. తలుపు తీసి ఉన్న షెల్టరు ఫొటో ఒకటి, తాళం వేసి ఉన్నది ఒకటి పక్కపక్కన వేస్తే ఇంకా బాగుంటుంది. మొదటి పట్టికకి మా మండలం వివరాలు మేమే సేకరించి పంపగలం, ఎవరికి పంపాలో పేపర్లో ఒక ముక్క వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
బాపట్ల జిల్లా